ఐదో నెల దాకా చెప్పకూడని మాట

నేను కడుపుతో ఉన్న సంగతి తెలిసినవాళ్లు నలుగురే. నేను, నా మొగుడు శేఖర్, మా అమ్మ వెంకటరత్నమ్మ, కుప్పంలో డాక్టరమ్మ. ఐదో నెల పడేదాకా ఇంకెవరి చెవినా పడకూడదని అమ్మ ఆంక్ష పెట్టింది. మా వైపు చాలా ఇళ్లలో ఉన్న పద్ధతే ఇది, దిష్టి తగులుతుందని. మామూలుగా అయితే వాదించేదాన్ని, పుంగనూరులో నాకు నోటి దురుసు అని పేరు కూడా ఉంది. ఈసారి మాత్రం కిక్కురుమనలేదు. ఇంతకు ముందు రెండుసార్లు పోయింది నాకు. మూడోది కూడా పోతే నేను తట్టుకోలేను. అందుకే ఎవరేం చెప్పినా తలూపుతున్నాను.

మేముండేది మస్కట్‌లో. శేఖర్ అక్కడ ఒక టైల్స్ కంపెనీలో లెక్కలు చూస్తాడు. మదనపల్లెలో వాళ్లక్క గృహప్రవేశానికని వచ్చాం, ఆదివారం తిరిగి వెళ్లాలి. ఈలోపు స్కానింగ్ చేయించుకోవాలి. మదనపల్లెలో ఆసుపత్రులకు కొదవ లేదు, చుట్టాలకు అంతకన్నా కొదవ లేదు. ఏ ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నా టమోటా మార్కెట్టుకు వచ్చినవాడో, కోర్టు పనికి వచ్చినవాడో ఒకడు ఎదురొచ్చి "ఏం పాపా, ఈడ ఉండావే" అంటాడు. పుంగనూరు సంగతి చెప్పనే అక్కర్లేదు, అది నా పుట్టినూరు. అందుకే అంత దూరం పోయి కుప్పం డాక్టరమ్మను పట్టుకున్నాం. ఆ ఊళ్లో మమ్మల్ని పేరు పెట్టి పిలిచే మనిషి లేడు.

గురువారం పొద్దున్నే శేఖర్ వాళ్ల బావ కారు తీసుకుని బయలుదేరాం. కుప్పంలో అమ్మ చిన్ననాటి స్నేహితురాలికి బాగాలేదని ఆడబిడ్డతో చెప్పాం. లేని స్నేహితురాలికి ఏ జబ్బు పెట్టాలో కూడా దారిలో మాట్లాడుకున్నాం. పుంగనూరులో అమ్మను ఎక్కించుకునేటప్పుడు ఆవిడ వీధి రెండు వైపులా చూసి, దొంగతనం చేసినట్టు వెనక సీట్లో దూరింది. ఎందుకంత భయమని అడగలేదు నేను. మా ఇంటి వెనక వీధిలోనే మునిలక్ష్మమ్మ ఉంటుంది.

మునిలక్ష్మమ్మ గురించి చెప్పాలి. ఆవిడ చెవిన పడిన మాట మధ్యాహ్నానికి పెద్దపంజాణి దాటుతుంది. నేను అత్తా అని పిలుస్తాను, ఆవిడకూ నేనంటే ఇష్టమే. మొదటిసారి నెల తప్పినప్పుడు ఊరంతా స్వీట్లు పంచింది అమ్మ. మునిలక్ష్మమ్మ పసుపు కుంకుమ, జాకెట్టు గుడ్డ పట్టుకుని మరీ వచ్చింది. నాలుగో నెలలో ఆ బిడ్డ పోయింది. ఓదార్చడానికి వచ్చి, "అంత ముందుగా యాల సెప్పుకుంటిరి" అంది. ఆ ఒక్క మాట మా అమ్మ మనసులో మేకులా దిగింది. రెండోసారి అమ్మ ఎవరికీ చెప్పలేదు గానీ, నేను ఇద్దరు ముగ్గురితో అన్నాను. అదీ పోయింది. నేనప్పుడు పుంగనూరులో ఉన్నాను, శేఖర్ మస్కట్‌లో ఉన్నాడు. అతను విమానం దిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ మూడు రోజులు గోడ వైపు తిరిగి పడుకుని, ఇంకోసారి అంటూ వస్తే ఈ మనిషి పక్కనే ఉంటానని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను.

ఇక మునిలక్ష్మమ్మ కొడుకు సాయిప్రసాద్ ఉండేది మస్కట్‌లోనే. అక్కడ మన చిత్తూరు జిల్లా వాళ్లందరికీ ఇన్సూరెన్స్ ఏజెంటు అతనే. కారుకు గీత పడినా, మనిషికి జ్వరం వచ్చినా ముందు సాయికే ఫోన్ చేస్తాం. మంచివాడు, పనిమంతుడు. ఒకటే చిక్కు, రోజూ సాయంత్రం వాళ్లమ్మతో గంటసేపు మాట్లాడతాడు. బి.కొత్తకోట నుంచి వచ్చిన ఒకాయనకు షుగర్ ఉందని వాళ్లావిడ కన్నా ముందు పుంగనూరుకు తెలిసింది. అందుకని సాయికి చెప్పడమంటే మునిలక్ష్మమ్మకు చెప్పడమే అని అమ్మ తీర్మానించింది. మేమూ ఒప్పుకున్నాం.

ఆ గురువారమే మా రెండు పాలసీలకూ ఆఖరి రోజు, కారుదీ, ఆరోగ్యానిదీ. ఈ వారమంతా శేఖర్ దాని మీదే కూర్చున్నాడు. పలమనేరు దాటేదాకా కారు ఇన్సూరెన్స్ గురించే చెప్పాడు. ఎడారి రోడ్డులో బండి ఆగిపోతే లాక్కుపోతారా లేదా, ముందు అద్దానికి రాయి తగిలితే ఎవరు ఇస్తారు, సరదాగా దుబాయికి పోతే అక్కడ చెల్లుతుందా, మన తప్పుతో గుద్దుకుంటే ఏమిటి, వాడి తప్పుతో గుద్దుకుంటే ఏమిటి. అన్నీ నోటికి వచ్చు. మస్కట్‌లోని మా పాత కారును అంత శ్రద్ధగా చూసుకునే మొగుడు దొరికినందుకు కారు అదృష్టవంతురాలని అన్నాను. నవ్వాడు. అమ్మ మాత్రం వెనక సీట్లో కళ్లు మూసుకుని ఏదో జపం చేసుకుంటోంది. ఏనుగులు దాటే చోటని బోర్డు పెట్టిన అడవి రోడ్డులో శేఖర్ నెమ్మదిగా నడుపుతుంటే, ప్రతి కుదుపుకూ నా చేయి తెలియకుండానే పొట్ట మీదికి పోయింది.

స్కానింగ్ గదిలో డాక్టరమ్మ ముందు ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనం నాకు తెలుసు, రెండుసార్లు చూశాను. తర్వాత ఆవిడ తెర నా వైపు తిప్పి, చిన్నగా కొట్టుకుంటున్న దాన్ని వేలితో చూపించింది. గుండె. టకటకా కొట్టుకుంటోంది. నేను ఏడవలేదు, ఏడిస్తే కదిలిపోతుందేమో అని బిగబట్టుకుని పడుకున్నాను.

బయటికి వచ్చాక అసలు సంగతి చెప్పింది. గర్భసంచి ముఖద్వారం బలహీనంగా ఉందట, ముందు రెండూ నిలవకపోవడానికి అదే కారణం కావచ్చునట. ఎవరి కళ్లూ కాదు, ఎవరి నోరూ కాదు అని ఆవిడ అనలేదు గానీ నాకు అట్లాగే వినిపించింది. కుట్టు వేస్తే నిలుస్తుందని నమ్మకంగా చెప్పింది. అయితే ఆ కుట్టు ఈ రెండు వారాల్లోనే పడాలి, పడ్డాక ప్రయాణాలు లేవు. ఎక్కడ కాన్పు అనుకుంటే అక్కడే వేయించుకోవాలి, మధ్యలో ఆసుపత్రిలో ఉండాల్సి రావచ్చు, బిడ్డ నెలలు నిండకుండా వచ్చినా వచ్చు, అన్నిటికీ సిద్ధంగా ఉండాలి. ఇప్పుడు విమానం ఎక్కడానికి అడ్డేమీ లేదంది.

ఆసుపత్రి బయట వేపచెట్టు కింద కారు దగ్గర నిలబడి అమ్మ తన మాట తాను చెప్పింది. ఇక్కడే ఉండిపొమ్మంది. నేను పోతానన్నాను. ఇద్దరం శేఖర్ వైపు చూశాం. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"సౌమ్యా, ఒక తప్పు జరిగిపోయిండాది" అన్నాడు.

సాయి చూపించిన కొత్త కంపెనీలో కారూ ఆరోగ్యమూ కలిపి ఒకే పాలసీ ఉందట. కారుకు అన్నీ వస్తాయి, దుబాయి కూడా. ఆరోగ్యంలో కాన్పు ఖర్చులు ఒక్కటే రావు. మొన్న సాయి ఫోన్ చేసి, పిల్లల గురించి ఏమన్నా అనుకుంటున్నారా బావా అని అడిగాడట. అమ్మ నియమం గుర్తొచ్చి శేఖర్ లేదు అనేశాడు. అట్లాంటిదేం లేదు, ఇప్పట్లో ఉండదు అని గట్టిగానే చెప్పాడట, అనుమానం రాకూడదని. సరే అయితే కొత్తదానికి మారిపోదాం అన్నాడు సాయి. ఈయన సరే అన్నాడు. పొట్టలో బిడ్డను పెట్టుకున్న పెళ్లానికి కాన్పు లేని ఇన్సూరెన్స్, పాత కారుకు దుబాయి దాకా ఇన్సూరెన్స్.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. కోపం శేఖర్ మీదనా, అమ్మ మీదనా, నా మీదనా అని తేల్చుకునే ఓపిక కూడా లేదు. పాత కంపెనీ ఏమైందని మాత్రం అడిగాను. మూడేళ్లుగా కడుతున్నాం కాబట్టి అందులో కాన్పు, కుట్టు, ముందుగా పుట్టిన బిడ్డ ఖర్చు అన్నీ వస్తాయట. ఇవాళ దాటితే ఆ మూడేళ్లూ గంగలో కలిసినట్టే. రేపు మళ్లీ అదే కంపెనీలో చేరినా కొత్తవాళ్ల కిందే లెక్క, కొత్తవాళ్లకు అప్పటికే ఉన్న కడుపు చెల్లదు. అక్కడ గురువారం మధ్యాహ్నం ఆఫీసు మూస్తే మళ్లీ ఆదివారమే. మస్కట్ మనకంటే గంటన్నర వెనక ఉంటుంది కాబట్టి ఇంకా కొంచెం సమయం ఉంది.

"సెయ్యి ఫోను" అన్నాను.

కారు అద్దాలు ఎక్కించి శేఖర్ స్పీకర్ పెట్టాడు. కారణం చెప్పకుండా పాతదే ఉంచెయ్ సాయీ అన్నాడు. సాయి నొచ్చుకున్నాడు. ఆపేయమని పొద్దున్నే రాసి పంపేశానని, ఇప్పుడు వెనక్కి తీసుకోవాలంటే మేనేజరు కారణం అడుగుతాడని చెప్పాడు. శేఖర్‌కు అబద్ధం ఆడడం రాదు, వచ్చిందల్లా కారు ఒక్కటే. కారు అమ్మేద్దామనుకుంటున్నాం అన్నాడు. అయితే కొత్తదాంట్లో కారు తీసేసి ఆరోగ్యం ఒక్కటి పెడదాం అన్నాడు సాయి. కొత్త కంపెనీ పేరు మంచిది కాదని విన్నాను అన్నాడు శేఖర్. మొన్న మీరే బాగుందంటిరే అని సాయి నవ్వాడు. ఇట్లా ఒక్కొక్క అబద్ధానికీ ఆ పిల్లాడు ఓపిగ్గా దారి చూపిస్తున్నాడు, మాకు పనికిరాని దారి. మేనేజరు బయలుదేరేలోగా తేల్చాలని రెండుసార్లు గుర్తు చేశాడు.

నేను ఫోను లాక్కున్నాను. వెనక నుంచి అమ్మ చేయి వచ్చి నా భుజం పట్టుకుంది. అద్దంలో చూస్తే తల అడ్డంగా ఊపుతోంది, కళ్లలో నీళ్లు. ఆ చేయి చూసి ఒక్క క్షణం నేను ఆగాను, నిజం. చెప్తే పోతుందేమో అనే భయం నాలోనూ అంతే ఉంది. డాక్టరమ్మ చెప్పిన కారణం తలకు ఎక్కింది గానీ ఇంకా కడుపులోకి దిగలేదు. చెప్పకపోతే మాత్రం కుట్టు వేసే చోటే లేదు, లేదా శేఖర్ ఒక దేశంలో, నేను ఒక దేశంలో. ఏ భయానికి భయపడాలో నేనే ఎంచుకోవాలి.

"సాయీ, నేను అక్కను. నాకు మూడో నెల దాటింది. బావ నీకు అబద్ధం సెప్పినాడు, మేమే సెప్పమన్యాము. పాతది నిలబెట్టప్పా."

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది.

"ఉండాదా అక్కా?" అన్నాడు సాయి. గొంతు వేరేగా ఉంది.

"ఉండాది."

"నేను ఆఫీసుకాడికి పోతాండా. ఫోన్ దగ్గరే పెట్టుకో" అని కట్ చేశాడు.

ఆ తర్వాత ప్రయాణం ఎట్లా జరిగిందో నాకు సరిగ్గా గుర్తులేదు. వెంకటగిరికోట వైపు రోడ్డు మీద సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. ఒక గీత కనిపిస్తే ఊపిరి పీల్చుకోవడం, అది పోతే శేఖర్‌ను కారు ఆపమనడం. అతను ఆపితే ఎందుకు ఆపావని కసరడం. పాపం, ఏమీ అనలేదు. అమ్మ నాతో మాట్లాడడం మానేసింది. మాట్లాడకపోయినా ఆవిడ ఆలోచన నాకు వినిపిస్తూనే ఉంది, చెప్పేసిందే, చెప్పేసిందే అని. నాకూ అదే వినిపిస్తోంది. నడుములో చిన్న నొప్పి వస్తే అప్పుడే మొదలైందా అని కదలకుండా కూర్చున్నాను. గంట కిందట తెర మీద చూసిన గుండె ఇంకా కొట్టుకుంటోందా లేదా అని తెలుసుకునే మార్గం లేదు కదా మనిషికి. సాయి అడిగిన ఆ మాట కూడా పీకుతూనే ఉంది. కడుపుతో ఉన్నానని చెప్తే ఎవరైనా సంతోషం అంటారు, లేదా ఎన్నో నెల అంటారు. ఉండాదా అని ఎవరు అడుగుతారు?

వెంకటగిరికోటలో టీ అంగడి దగ్గర ఆగాం. టీ చల్లారిపోయింది, ఎవరూ తాగలేదు. మాటిమాటికీ గడియారం చూసుకుని, అక్కడెంత అయి ఉంటుందో లెక్కేసుకుంటున్నాడు శేఖర్. ఆఫీసు మూసే వేళ దాటిపోయింది. కాన్పు ఇక్కడే చేయించుకుందాం, నేనే ఉద్యోగం వదిలేసి వస్తాను అన్నాడు. ఆ మాట అతను ఎంత మామూలుగా అన్నాడంటే, నాకు అంతవరకూ ఉన్న కోపమంతా పోయి భయం ఒక్కటే మిగిలింది. ఉద్యోగం మానేసి వచ్చి ఏం చేస్తాడు మదనపల్లెలో?

అప్పుడు మోగింది ఫోను. స్పీకర్ పెట్టాను.

"ఐపోయిందక్కా" అన్నాడు సాయి. రొప్పుతున్నాడు. మేనేజరు మెట్లు దిగుతుంటే పట్టుకుని వెనక్కి తీసుకుపోయాడట. పాతదే కొనసాగుతుంది, కాన్పుతో సహా. కుట్టు కూడా వస్తుందని అడిగి మరీ కనుక్కున్నాడు. కారుకు మాత్రం మామూలుదే, దుబాయి ఆశ వదులుకోమని బావకు చెప్పమన్నాడు. శేఖర్ స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు. భుజాలు కదులుతుంటే చూసి, నేను అటు వైపు తిరిగాను.

"సాయీ, ఇందాక ఉండాదా అని యాల అడిగితివి?" అన్నాను.

సాయి గొంతు తగ్గించాడు.

"మా యమ్మ పోయిన వారం సంతలో నిన్ను సూసిందంట. నువ్వు నడిసేది సూసే కనిపెట్టేసింది. నాకు ఫోన్ సేసి, సౌమ్య నీళ్లు పోసుకునిండాదిరా, నువ్వేం ఎరగనట్టు ఉండు, ఎవురితోనూ అనొద్దు అనింది. అందుకే బావను అట్ల అడిగినా, ఆయనే సెప్తాడులే అని. బావ లేదన్నాడు. అంత గట్టిగా లేదంటే మళ్లా పోయిండాదేమో అనుకుంటినక్కా. ఇంగ దాని గురించి ఏం అడిగేది? అమ్మకు సెప్తిని. ఆ పొద్దు నించి అన్నం సరిగ్గా తినలేదంట. మీ ఇంటికి వచ్చి ఏమని పలకరించేది అని ఏడిసింది."

ఎవరి కళ్లు పడతాయని ఇన్నాళ్లూ దాక్కున్నామో, ఆ మనిషి వారం రోజులుగా మా గుట్టు తన దగ్గర దాచుకుని తిరుగుతోంది. మా వెనక వీధిలో, బతికున్న నా బిడ్డ కోసం ఒకావిడ రెండు రోజులుగా ఏడుస్తోంది. దిష్టి అంటే ఏమిటో నాకు తెలియదు గానీ, లేదు అన్న మాట కన్నా పెద్ద దిష్టి ఉంటుందని నేను అనుకోను. ఆ ఏడుపు ఇంకొక్క నిమిషం కూడా సాగకూడదు అనిపించింది.

వెనక సీట్లోంచి అమ్మ తన ఫోన్ ముందుకు చాచింది. మునిలక్ష్మమ్మ నంబరు తానే వెతికి, తానే నొక్కింది. అప్పటికే మోగుతోంది.

"ఎవురూ?" అంది అవతల నుంచి మునిలక్ష్మమ్మ, నీరసంగా.

"అత్తా, నేను సౌమ్యను. ఉండాదత్తా. ఏం కాలేదు. ఈ పొద్దే గుండె కొట్టుకునేది నా కండ్లతో సూసినాను" అన్నాను. గొంతు నాకు తెలియకుండానే పెద్దదైపోయింది, టీ అంగడి వాళ్లు ఇటు తిరిగి చూశారు.

అవతల అడుగుల చప్పుడు, వాకిలి తలుపు మూసిన చప్పుడు, లోపలి నుంచి గొళ్లెం పెట్టిన చప్పుడు.

"మెల్లిగా మాట్లాడు పాపా" అంది మునిలక్ష్మమ్మ. "ఎవురన్నా ఇంటారు."